లోకాభిరామాయణం

ఇది అది అని లేకుండా సాగే కబుర్లే లోకాభిరామాయణం. లోకానికి ఇంపైనవాడు కనుక రాముడు లోకాభిరాముడు. ఆ పేరు రామాయణంతో కలిసి, చివరికి అన్ని సంగతులూ పట్టే ముచ్చటైంది. ‘లోకాభిరామాయణం చాలించు’ అని పెద్దలు విసుక్కుంటారు గానీ, సైన్స్ ఫిక్షన్ అభిమానుల మాటలకు ఇంతకన్నా చక్కని పేరు నాకు తోచదు. 1991 నాటి ‘ఆదిత్య 369’ సినిమాతో మొదలుపెడితే, అందులోని కాలయంత్రం రాయలవారి విజయనగరానికీ 2504వ సంవత్సరానికీ పోయినట్టే మాటా పోతుంది: 1895లో వెల్స్ రాసిన కాలయంత్రం నవలకు, అటునుంచి ‘కల్కి 2898 ఏడీ’కి. హైదరాబాద్ ఉప్పల్ రోడ్డులోనైతే మరీను! హబ్సిగూడలో భూమి లోపలి కదలికలను వినే ఎన్‌జీఆర్‌ఐ, అదే రోడ్డు మీద జీవకణాన్ని చదివే సీసీఎంబీ. భూకంపం దగ్గర ఎత్తుకున్న కబురు డీఎన్‌ఏ దాకా వెళ్లడానికి నాచారం చేరేంత సేపు చాలు.