ప్రభుత్వోద్యోగుల రాజకీయ అభిప్రాయ ప్రకటన (భారతదేశం)

ప్రభుత్వోద్యోగుల రాజకీయ అభిప్రాయ ప్రకటన అనగా కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల కొలువులో ఉన్నవారు ఫేస్‌బుక్, ట్విట్టర్ (2023 నుండి ఎక్స్), వాట్సాప్ వంటి మాధ్యమాలలో తమ సొంత ఖాతాల ద్వారా రాజకీయ విషయాలపై అభిప్రాయం తెలుపుట. భారత రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం పౌరులందరికీ భావప్రకటనా స్వేచ్ఛను ఇచ్చుచున్నది. ఉద్యోగి కూడా పౌరుడే. అయితే ప్రభుత్వాలు మారినను అధికార యంత్రాంగం తటస్థంగా ఉండవలెనను ఉద్దేశముతో ఏర్పడిన ప్రవర్తనా నియమావళి అతనికి అదనపు హద్దులు విధించినది. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయవలెనన్నదే వివాదాంశము.

నియమాలు

కేంద్ర ఉద్యోగులకు 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల (ప్రవర్తన) నియమావళి, ఐ.ఏ.ఎస్., ఐ.పి.ఎస్. వంటి అఖిల భారత సర్వీసులకు 1968 నాటి నియమావళి వర్తించును. ఆంధ్రప్రదేశ్‌కు 1964లో వేరుగా నియమావళి ఏర్పడగా, 2014 విభజన తరువాత తెలంగాణలోనూ అదే కొనసాగినది.

కేంద్ర నియమావళిలోని 5వ నియమం ప్రకారం ఉద్యోగి రాజకీయ పక్షంలో సభ్యుడు కారాదు, చందా ఇవ్వరాదు, ఎన్నికలలో ప్రచారం చేయరాదు. ఓటు మాత్రం వేయవచ్చును, కాని ఎవరికి వేసినదీ సూచనగానైనా తెలుపరాదు. పోస్టల్ బ్యాలెట్ ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టుట ఈ నియమానికి విరుద్ధమని చాలామందికి తట్టదు. 9వ నియమం ప్రభుత్వ విధానాలను, చర్యలను బహిరంగముగా విమర్శించుటను నిషేధించినది. మారుపేరుతో వ్రాసినను మినహాయింపు లేదు. ఈ నియమాలు వ్రాసిన వారి దృష్టిలో ఉన్నవి రేడియో, పత్రికలు, కరపత్రాలు. ఫేస్‌బుక్ వచ్చినది 2004లో. అందుచేత ఒక పోస్టును 'లైక్' చేయుట, ఇతరుల వ్రాతను పంచుకొనుట విమర్శ క్రిందికి వచ్చునా అను ప్రశ్నకు పాత నియమాలలో నేరుగా సమాధానం లేదు. జమ్మూ కాశ్మీరు 2017లోను, మహారాష్ట్ర 2025లోను సామాజిక మాధ్యమాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చినవి.

న్యాయస్థానాల తీర్పులు

కామేశ్వర్ ప్రసాద్ వర్సెస్ బీహార్ రాష్ట్రం (1962) కేసులో, ఉద్యోగంలో చేరినంత మాత్రాన ప్రాథమిక హక్కులు పోవని సుప్రీంకోర్టు స్పష్టం చేసినది. ప్రదర్శనలన్నింటినీ నిషేధించిన భాగాన్ని కొట్టివేసినది, సమ్మె మాత్రం హక్కు కాదన్నది.

సామాజిక మాధ్యమాల విషయంలో తరచు ఉదహరింపబడునది 2020 జనవరిలో త్రిపుర హైకోర్టు ఇచ్చిన తీర్పు. మత్స్యశాఖలో గుమాస్తాగా పనిచేయుచున్న ఒక మహిళను 2018 ఏప్రిల్‌లో, పదవీవిరమణకు నాలుగు రోజుల ముందు సస్పెండు చేసిరి. ఒక రాజకీయ సభకు వెళ్ళుట, ఫేస్‌బుక్‌లో ఒక పోస్టు పెట్టుట ఆమెపై మోపిన అభియోగాలు. సభకు హాజరగుట వేరు, సభలో పాల్గొనుట వేరని ప్రధాన న్యాయమూర్తి అకిల్ ఖురేషీ తీర్పు చెప్పిరి. ఆ పోస్టు ఏ పక్షానికీ ఓట్లడిగినట్లు లేదని, నియమాల హద్దు దాటనంతవరకు ఆమె తన నమ్మకాలను వెల్లడించవచ్చునని పేర్కొని శాఖాపరమైన విచారణను రద్దు చేసిరి. పదవీవిరమణ ప్రయోజనాలు నిలిచిపోయిన ఉద్యోగికి ఇటువంటి వ్యాజ్యం సిద్ధాంత చర్చ కాదు, బ్రతుకుతెరువు సమస్య.

ఐ.టి. చట్టంలోని 66ఎ సెక్షనును 2015లో సుప్రీంకోర్టు కొట్టివేయుటతో ఉద్యోగులకు పూర్తి స్వేచ్ఛ వచ్చినదని కొందరు అపోహ పడుదురు. ఆ తీర్పు నేరశిక్షకు సంబంధించినది, శాఖాపరమైన క్రమశిక్షణకు సంబంధించినది కాదు.

తెలుగు రాష్ట్రాలలో

తెలంగాణ ఐ.ఏ.ఎస్. అధికారి స్మితా సభర్వాల్ 2022 ఆగస్టులో బిల్కిస్ బానో కేసు దోషుల విడుదలపై సొంత ఖాతాలో స్పందించగా, అధికారులు ఇట్లు మాట్లాడవచ్చునా అను చర్చ జరిగినది. 2025 ఏప్రిల్‌లో, కంచ గచ్చిబౌలి భూములపై కృత్రిమ మేధతో తయారైన చిత్రాన్ని తిరిగి పంచుకొన్నందుకు ఆమెకు పోలీసులు నోటీసు ఇచ్చిరి.

ఇదే నేలపై 2011లో సకల జనుల సమ్మె, 2013లో సమైక్యాంధ్ర సమ్మె జరిగినవి. రెండింటిలోనూ ఉద్యోగులు వేల సంఖ్యలో బహిరంగముగా రాజకీయ కోరికతో పాల్గొనిరి. సంఘముగా నిలిచిన వేలమందికి లభించిన వెసులుబాటు ఒంటరిగా పోస్టు పెట్టిన గుమాస్తాకు లభించుట అరుదు.

ప్రైవేటు ఉద్యోగులు

ప్రైవేటు సంస్థలకు ఈ నియమావళి వర్తించదు. 19వ అధికరణం ప్రధానముగా ప్రభుత్వ చర్యలకు ఎదురుగా ఇచ్చిన రక్షణ కనుక, అక్కడ నియామక పత్రంలోని షరతులు, సంస్థ రూపొందించుకొన్న సామాజిక మాధ్యమ విధానమే కీలకము.