ఏడు కిలోల బాటసారి

కారు డిక్కీ తెరిచి బాబాయ్ మీ చేతుల్లో ఒక బౌలింగ్ బంతి పెడతాడు. నల్లగా, నున్నగా, అక్కడక్కడ గీతలు పడి ఉంది. వేళ్లు దూర్చే రంధ్రాల పక్కన చిన్న ఇనుప కొక్కెం బిగించి ఉంది. కొక్కేనికి పూసల గొలుసు, గొలుసుకు సైనికులు మెడలో వేసుకునేలాంటి లోహపు బిళ్ల. బిళ్ల మీద బార్‌కోడ్ గీతలే ఒళ్లుగా ఉన్న ఒక పురుగు బొమ్మ, పక్కన అక్షరాలూ అంకెలూ కలిసిన కోడ్.

"పదహారు పౌన్లు. బౌలింగ్ ఆటలో ఇంతకు మించిన బంతి వాడకూడదు. మొయ్యగలవా?" అంటాడు బాబాయ్.

16 పౌన్లంటే 7.26 కిలోలు. చేతుల్లో ఉన్నంతసేపు అదేమంత బరువనిపించదు. తువ్వాలు చుట్టి బ్యాక్‌ప్యాక్ అడుగున కూర్చోబెట్టి, పట్టీలు భుజాలకు తగిలించుకున్నాక అసలు సంగతి తెలుస్తుంది. బంతికి మూలల్లేవు. మీరు ఎడమకి తిరిగితే అది ఒక క్షణం ఆలస్యంగా ఎడమకి దొర్లుతుంది. నడుము దగ్గర పట్టీ బిగించి, రెండడుగులు వేసి, ఇంకాస్త బిగిస్తారు.

మీరున్నది వాషింగ్టన్ రాష్ట్రంలో, హయాక్ అనే చోట. బెల్‌వ్యూలో బాబాయ్ ఇంటి నుంచి ఇంటర్‌స్టేట్ 90 మీద తూర్పుగా వచ్చి, 921 మీటర్ల ఎత్తున్న స్నోక్వాల్మీ కనుమ దాటగానే ఆగారు. శనివారం కాబట్టి పార్కింగ్‌లో సైకిళ్లు దించుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ వరసలో ఒక కారు వెనక అద్దం మీద అదే పురుగు బొమ్మ, మరో కోడ్. బాబాయ్ ఫోన్ తీసి ఆ కోడ్ నమోదు చేస్తాడు. ఆ కారు కూడా ఈ బంతిలాగే ట్రాకబుల్, అంటే దాచిన పెట్టెలను జీపీఎస్‌తో వెతికే ఆటలో కోడ్ ద్వారా జాడ తెలిసే వస్తువు. టన్నుకు పైగా బరువున్నా అది తన చక్రాల మీద తనే తిరుగుతుంది కాబట్టి ఎవరూ మోయనక్కర్లేదు. చూసినవాళ్లు 'డిస్కవర్' అని లాగ్ చేస్తే చాలు. కోడ్‌ను ఒంటి మీద పచ్చబొట్టు పొడిపించుకుని తామే ట్రాకబుల్స్ అయిపోయినవాళ్లు కూడా ఉన్నారు.

మీ వీపున ఉన్నదానికి చక్రాల్లేవు, కాళ్లూ లేవు. దాని యజమాని పెట్టిన గోల్ మాత్రం ఉంది: ఇంటర్‌స్టేట్ 90 చివరిదాకా వెళ్లాలి. ఆ రోడ్డు సియాటిల్‌లో మొదలై బోస్టన్‌లో ఆగుతుంది. పొడవు సుమారు 4,860 కిలోమీటర్లు. ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారుతూ బంతి ఆ దూరమంతా దాటాలి.

పాత రైలు కట్ట మీద నడక మొదలవుతుంది. పట్టాలు ఎప్పుడో పీకేశారు. కాళ్ల కింద సన్న కంకర నలుగుతోంది, రెండు వైపులా ఫర్ చెట్లు. కట్ట నేరుగా కొండలోకి వెళ్లిపోతుంది. ఎదురుగా కాంక్రీటు ద్వారం. ఇంకా చాలా అడుగుల దూరంలో ఉండగానే లోపలి చలి బయటికొచ్చి మొహానికి తగులుతుంది. జాకెట్ జిప్పు పైకి లాక్కుని, నుదుటి దీపం వెలిగిస్తారు.

స్నోక్వాల్మీ సొరంగం ఇది. మిల్వాకీ రోడ్ రైల్వే కంపెనీ 1912లో తవ్వకం మొదలుపెట్టింది. 1915 నుంచి రైళ్లు నడిచాయి. 1980లో కంపెనీ ఈ మార్గాన్ని వదిలేసింది. పొడవు సుమారు 3.6 కిలోమీటర్లు. చలికాలంలో పైకప్పు నుంచి మంచు కడ్డీలు వేలాడి ఊడిపడతాయి కాబట్టి తలుపులు మూసేస్తారు. మిగతా నెలల్లో నడిచేవాళ్లకీ సైకిళ్లకీ ఇదే దారి.

యాభై అడుగులు వేయగానే చేతిలోని జీపీఎస్ తెర మీద బాణం తడబడుతుంది. వంద అడుగులకు పూర్తిగా ఆగిపోతుంది. తలమీద కొండ ఉంటే ఉపగ్రహాల మాట వినబడదు. ఈ పెట్టెల వెతుకులాట పుట్టిందే ఆ ఉపగ్రహాల వల్ల. 2000 మే నెల మొదటి వారం దాకా అమెరికా ప్రభుత్వం సామాన్యుల జీపీఎస్‌కు కావాలనే తప్పు కలిపి పంపేది. వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. అధ్యక్షుడు క్లింటన్ ఆదేశంతో ఆ కల్తీ ఆపేశారు. మే 3న డేవ్ అల్మర్ అనే ఆయన ఆరెగన్‌లో బీవర్‌క్రీక్ ఊరి దగ్గర అడవిలో ఒక నల్ల ప్లాస్టిక్ బకెట్ దాచి, దాని అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో పెట్టాడు. బకెట్‌లో పుస్తకాలు, కొంత డబ్బు, ఒక ఉండేలు, ఒక చిక్కుడు గింజల డబ్బా ఉన్నాయి. రోజుల వ్యవధిలోనే మైక్ టీగ్ వెళ్లి దాన్ని కనిపెట్టాడు. ఆ నెలాఖరుకు ఆటకు జియోకాషింగ్ అన్న పేరొచ్చింది. ఆ చిక్కుడు గింజల డబ్బా తరవాత దొరికి, ట్రాకబుల్ నంబరు తగిలించుకుని, ఇప్పుడు ఆటగాళ్ల సభలకు వెళ్లి వస్తుంటుంది.

దీపపు వెలుగు ముందున్న నాలుగు గజాలకే సరిపోతుంది. గోడల మీంచి నీళ్లు జారుతున్నాయి. పైకప్పు నుంచి పడిన చుక్క ఒకటి మెడ మీద చల్లగా తాకి చొక్కాలోకి దిగుతుంది. ఊపిరి దీపం ముందు పొగలా కనబడుతోంది. మీ అడుగుల చప్పుడు ముందుకు పోయి, గోడలకు కొట్టుకుని, ఇంకెవరో ఎదురొస్తున్నట్టు తిరిగొస్తుంది. నిజంగానే ఎవరో వస్తున్నారు. దూరంగా మూడు తెల్లటి చుక్కలు ఊగుతూ పెద్దవవుతాయి. సైకిళ్ల మీద ఒక తల్లీ, ఇద్దరు పిల్లలూ. "హలో" అని దాటిపోతారు. వాళ్లకు మీ సంచిలో ఏముందో తెలియదు. ఆటగాళ్ల భాషలో వాళ్లు మగుల్స్, ఆట సంగతి తెలియనివాళ్లు.

కుడి భుజం మంట మొదలవుతుంది. బొటనవేలు పట్టీ కిందికి దూర్చి బరువును కాస్త పైకి లేపుతారు. అడుగు వేసిన ప్రతిసారీ బంతి వెన్నెముక మీద మెత్తగా తడుతోంది. చీకట్లో చూడటానికేమీ లేదు కాబట్టి మనసంతా ఆ ఒక్కచోటే ఉంటుంది.

సాధారణంగా ట్రాకబుల్ ఒక చిన్న బొమ్మో, తాళపుచెవుల గుత్తో, ఒక జియోకాయినో అవుతుంది. పెట్టెలోంచి తీసి జేబులో వేసుకుంటారు. ఇంకో ఊళ్లో ఇంకో పెట్టెలో వేస్తారు. మధ్యలో అది ఉందన్న సంగతే గుర్తుండదు. ఆ మరుపులోనే చాలావాటి కథ ముగిసిపోతుంది. చలికోటు జేబులోనో బల్ల సొరుగులోనో ఉండిపోతాయి. బంతిని మరిచిపోవడం ఎవరి వల్లా కాదు. ఇది కదిలిన ప్రతి మైలూ ఎవరో ఒకరు "సరే, నేను తీసుకెళ్తాను" అని తెలిసి ఒప్పుకున్న మైలే. ఉత్తరాంధ్ర పల్లెల్లో కుర్రాళ్లు సంగిడి రాయి ఎత్తుతారు కదా, అందులో రాయి లేచిన చోటే దిగుతుంది, పేరు ఎత్తినవాడికి దక్కుతుంది. ఇక్కడ మోసినవాడికి దక్కేది లాగ్‌లో ఒక వాక్యం. ముందుకు వెళ్లేది మాత్రం బంతే.

"ఇటివ్వు, కాసేపు నేను మోస్తాను," అంటాడు బాబాయ్ చీకట్లోంచి.

"పర్లేదు బాబాయ్."

"పర్లేదని తెలుసు. నా వంతు కావాలని అడుగుతున్నా."

సంచి మారుతుంది. భుజాలు ఒక్కసారిగా తేలికై, రెండు క్షణాలు నడక తూలుతుంది. ముందు చుక్కంత వెలుగు కనబడుతుంది. ఎంత నడిచినా అది చుక్కగానే ఉంటుంది. ఆ తరవాత నాణెమంత, పళ్లెమంత, చివరికి ద్వారమంత అవుతుంది. ఈ చివరున్న క్యాష్ (దాచిన పెట్టె) పేరులోనే 'టనెల్ ఆఫ్ లైట్' అని ఉంది.

బయటికి రాగానే ఎండ కళ్లలో గుచ్చుకుంటుంది. చొక్కా లోపల చలి, చెంపల మీద వేడి. జీపీఎస్ మళ్లీ మేలుకుని బాణం చూపిస్తుంది. దారి వదిలి చెట్లలోకి కొంత దూరం నడుస్తారు. 'ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్' సినిమా ప్రచారం కోసం 2001లో దాచిన క్యాష్‌లలో ఇది ఒకటి. 2011లో మాయమైంది. 2016లో తిరిగి దొరికి మళ్లీ ఆటలోకి వచ్చింది. లోకం నలుమూలల నుంచీ ఆటగాళ్లు దీన్ని వెతుక్కుంటూ వస్తారు కాబట్టి ట్రాకబుల్స్ చేతులు మారే కూడలి ఇది.

పెట్టె మూత తీసి లాగ్‌బుక్‌లో పేర్లు రాస్తారు. బంతిని సంచిలోంచి తీసి నాచు పట్టిన నేల మీద పెట్టి, ఫొటో తీస్తారు. ఇక దీన్ని ఇక్కడే వదిలేసి తేలిగ్గా తిరిగి వెళ్లొచ్చు కదా? ఆ ఆలోచన మీకు వస్తుంది. భుజాలు గట్టిగానే అడుగుతాయి.

బాబాయ్ తల అడ్డంగా ఊపుతాడు. "దీన్ని పెట్టెలో పెడితే మిగతావాటికి చోటుండదు. తరవాత వచ్చేది ఏ చిన్నపిల్లో అనుకో. చూస్తుంది, మొయ్యలేదు, బాధపడి వెళ్లిపోతుంది. బయట చెట్టు కింద వదిలితే మగుల్స్ చెత్త అనుకుంటారు. ఇంత బరువైనదాన్ని పెట్టెకి అప్పగించకూడదు. మనిషికే ఇవ్వాలి."

అందుకే బాబాయ్ ఫోన్‌లో 'డ్రాప్' నొక్కడు, 'విజిట్' నొక్కుతాడు. అంటే బంతి ఇక్కడికి వచ్చి చూసి, తెచ్చినవాళ్లతోనే వెళ్తుంది. దాని మ్యాప్ మీద కొత్త గీత ఒకటి చేరుతుంది. ఆట వెబ్‌సైట్ లెక్కేసేది పెట్టెకీ పెట్టెకీ మధ్య తిన్నని దూరం. ఎక్కుడూ దిగుడూ, చీకటీ చలీ అందులో లెక్కకు రావు.

రాతి మీద కూర్చుని నీళ్లు తాగుతూ, ఈ బిళ్లల వంటివి ఎంతెంత దూరాలు వెళ్లాయో బాబాయ్ చెబుతాడు. 2008లో రిచర్డ్ గారియట్ అంతరిక్ష కేంద్రానికి ఒక ట్రాకబుల్ తీసుకెళ్లి అక్కడ క్యాష్ పెట్టాడు. 2013లో వ్యోమగామి రిక్ మాస్ట్రాకియో ఒక ట్రావెల్ బగ్‌ను, అంటే ఇలాంటి పురుగు బిళ్లను, పైకి తీసుకెళ్లాడు. 2021 ఫిబ్రవరి 18న అంగారకుడి మీద జెజెరో బిలంలో దిగిన పర్సెవరెన్స్ రోవర్‌కు కూడా ట్రాకబుల్ కోడ్ ఉంది. షెర్లాక్ అనే పరికరాన్ని సరిచూసుకోవడానికి అమర్చిన నమూనాల్లో, వ్యోమగాముల శిరస్త్రాణపు అద్దానికి వాడే పాలికార్బనేట్ ముక్క మీద ఆ కోడ్ చెక్కారు. రోవర్ బరువు భూమి మీద 1,025 కిలోలు. ఆ కోడ్ అక్కడికి చేరడానికి 47 కోట్ల కిలోమీటర్లు ప్రయాణించింది. ఇక దాన్ని ఎవరూ చేత్తో తీసుకుని ఇంకొకరికి ఇవ్వలేరు. పంపిన చిత్రాల్లో చూసి 'డిస్కవర్' చేయగలరంతే.

బంతికి ఆ గొప్పతనం లేదు. కానీ దీన్ని ముందుకు జరపడానికి రాకెట్ అక్కర్లేదు, ఒప్పుకునే మనిషి ఒకరు చాలు. మీరిద్దరూ కూర్చుని లాగ్ రాస్తారు. ముందు తరవాతి మనిషికి పనికొచ్చే సంగతులు: బరువు 16 పౌన్లు, నడుము పట్టీ ఉన్న సంచి కావాలి, కొక్కెం మర కాస్త వదులైంది, వచ్చే శనివారం ఆటగాళ్ల కలయికకు తెస్తున్నాం, తూర్పున స్పోకేన్ వైపు కారులో వెళ్లేవాళ్లు ఎవరైనా తీసుకోగలరా? అంటూ రాస్తారు. 'తీసుకోండి' అని కాకుండా 'తీసుకోగలరా' అని రాయమంటాడు బాబాయ్. మీరు మాట మార్చి రాస్తారు.

బరువైన ట్రాకబుల్‌ను ఆటలోకి వదలాలనుకునేవాళ్లు మొదట నేర్చుకోవలసింది ఆ అడగడమే. ఇంజిన్ బ్లాకో, దాగలో, బౌలింగ్ బంతో, ఏదైనా కానివ్వండి. వస్తువు మీదే, గోల్ మీదే, కానీ నడుము ఎదుటివాళ్లది. ముఖాముఖి అడిగి, బరువెంతో ముందే చెప్పి, కాదన్నవాళ్ల మీద చిన్నచూపు లేకుండా ఇచ్చినప్పుడు, అవునన్న ప్రతి మనిషీ ఆ ప్రయాణంలో సగం యజమాని అవుతాడు. అలాంటి సగం యజమానులు తగినంతమంది దొరికితే ఏడు కిలోల బంతి బోస్టన్ చేరుతుంది.