బొర్రయ్య గారి ఉద్యోగం పేరేమిటి?



పోయిన ఆదివారం సంఘం సమావేశం ముగిశాక మనవాళ్ల అమ్మాయి ఒకతె తన బయోడేటా చూపించింది. చేరినప్పుడు ఆఫీసువాళ్లిచ్చిన కాగితంలో ఆమె ఉద్యోగం 'డేటా ఎంట్రీ ఆపరేటర్'. మూడేళ్లుగా చేస్తున్నది మాత్రం తమిళ దస్తావేజులను తెలుగులోకి మార్చడం, కొత్తవాళ్ల అనువాదాలు దిద్దడం. "మామయ్యా, ఉన్నదే రాస్తే ఎవరూ ఇంటర్వ్యూకి పిలవరు. 'ట్రాన్స్‌లేషన్ మేనేజర్' అని రాస్తే అబద్ధమవుతుంది. ఏం చెయ్యను?" అంది. అప్పటికప్పుడు జవాబు తోచలేదు. ఇంటికొచ్చాక కావలి సోదరులు గుర్తొచ్చారు.

ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య 1796 ప్రాంతంలో, ఇరవయ్యేళ్ల వయసులో, కాలిన్ మెకంజీ దగ్గర చేరాడు. అలాంటివాళ్లకు కుంపిణీ కొలువులో ఉన్న పేర్లు దుబాసీ, పండితుడు, గుమాస్తా. బొర్రయ్యదీ ఆ వరసే. చేసిన పని వేరు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక మైసూరు సర్వే మొదలైంది. ఆ సర్వేలో ఊళ్లు తిరిగి శాసనాలకు నకళ్లు తీయించాడు, గ్రామస్థుల నోట స్థానిక చరిత్రలు రాయించాడు, అంతుబట్టని పాత కన్నడ లిపిని చదివాడు. 1803లో, ముప్ఫయ్యేళ్లు నిండకుండానే పోయాడు.

భారతదేశపు విద్య అనే వాకిట్లోకి తాను వేసిన మొదటి అడుగు బొర్రయ్య పరిచయమేనని మెకంజీ 1817లో ఒక ఉత్తరంలో ఒప్పుకున్నాడు. దుబాసీ అన్న మాటలో ఇంత పని ఎవరికి కనిపిస్తుంది?

బొర్రయ్య తరవాత ఆ పనంతా అతని సోదరుడు లక్ష్మయ్య మీద పడింది. జిల్లాలకు మనుషుల్ని పంపడం, వాళ్లు పంపిన కాగితాలు పరిశీలించడం, అనువాదాలు చేయించడం అన్నీ అతని చేతి మీదుగా జరిగాయి. మెకంజీ 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1821లో చనిపోయాడు. ఆ సేకరణకు విల్సన్ కేటలాగు 1828లో వచ్చింది. మిగిలిన పని నేను కొనసాగిస్తానని లక్ష్మయ్య మద్రాసు నుంచి అర్జీ పెట్టుకున్నాడు. అది కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ ముందుకు వెళ్లింది.

1836లో జేమ్స్ ప్రిన్సెప్ ఇచ్చిన జవాబు సారం ఇది: ఇంతటి పనికి లక్ష్మయ్య అర్హత చాలదు, నిజానికి ఏ దేశీయుడి అర్హతా చాలదు, సహాయకులుగా మాత్రం పనికొస్తారు. సేకరణను పరిశీలించే పని మద్రాసులోని విలియం టేలర్ అనే మతగురువు చేతికి వెళ్లింది.

లక్ష్మయ్య ఇంకా పెద్ద పేరు పెట్టుకుని ఉంటే ఫలితం మారేదా? మారేది కాదు. 'ఏ దేశీయుడూ' అన్న మాటలోనే సంగతి తెలిసిపోతుంది. కానీ ఈనాడు ఆ సోదరుల విలువ మనకు తెలిసింది ఏ హోదా వల్లా కాదు. ఎక్కడికి వెళ్లారు, ఎవరిని కలిశారు, ఏ కాగితం సంపాదించారు అని ఆ బృందం రాసిపెట్టిన నివేదికలు మిగిలాయి. కైఫీయతులు మిగిలాయి. పని వివరంగా రాసి ఉంది కాబట్టి, రెండు వందల ఏళ్ల తరవాత చదివేవాళ్లు 'సహాయకులు' అన్న మాటను నమ్మడం మానేశారు.

అందుకని ఆ అమ్మాయికి ఇలా చెప్పాను. ఆఫీసువాళ్లు ఇచ్చిన పేరు మార్చకు, అడిగితే వాళ్లు చెప్పేది అదే. దాని కిందే నువ్వు చేసిన పని రాయి: ఏ భాష నుంచి ఏ భాషకు, ఎలాంటి దస్తావేజులు, నెలకు ఎన్ని పేజీలు, ఎంతమంది పని దిద్దావు. 'అనువాదం' అన్న మాట మొదటి వాక్యంలోనే రావాలి. చదివేవాళ్లు తొందరలో ఉంటారు.

మనకూ ఒక మాట. సంఘం సంచికలకు తాతల గురించి రాసి పంపేటప్పుడు కరణాన్ని దివాను చేస్తాం, గుమాస్తాను దొరగారి కుడిభుజం చేస్తాం. అక్కర్లేదు. కరణం అనే రాద్దాం. ఆయన ఏ ఊరి లెక్కలు రాశారో, ఎన్నేళ్లు రాశారో కూడా రాద్దాం. మీ ఇళ్లలో అలాంటి పాత ఉద్యోగ కాగితాలుంటే వచ్చే సమావేశానికి తీసుకురండి, కలిసి చదువుదాం.