జఠరమునకు గవాక్షము

బిడ్డకు పాలు పట్టి, పొట్ట నిమురుచు, అగస్త్యుడు వాతాపిని జీర్ణము చేసికొన్న కథను తలచుకొనుట మన యిండ్లలో పరిపాటి. తిన్న అన్నము కడుపులో కరగునని అందరికిని తెలియును. ఎట్లు కరగును? జఠరాగ్ని పచనము చేయునని మన పెద్దలు చెప్పిరి. ఐరోపా పండితులలో కొందరు కడుపు తిరుగలివలె నూరుననిరి. కొందరు పొయ్యివలె ఉడికించుననిరి.

18వ శతాబ్దమున ఇటలీ దేశీయుడు స్పలాంజానీ, రొట్టెను చిన్న గుడ్డసంచిలో కుట్టి తానే మ్రింగెను. సంచి చెక్కుచెదరక వెలువడెను. లోని రొట్టె మాత్రము లేదు. కావున ఈ పని నూరుటవలన గాక, ఏదో ద్రవమువలన జరుగుచున్నదని తోచెను. కాని బ్రతికియున్న మనిషి కడుపులో ఆ పనిని కన్నులార చూచుట యెట్లు?

1822 జూన్ 6వ తేదీన, అమెరికాలోని మాకినా ద్వీపమున, బొచ్చుతోళ్ల వ్యాపారములో కూలికి కుదిరిన అలెక్సిస్ సెంట్ మార్టిన్ అను కెనడా యువకునికి అతి సమీపమున తుపాకి ప్రేలెను. సైనిక వైద్యుడు విలియం బోమాంట్ అతనిని బ్రతికించెను. గాయము మానెను గాని, జఠరములోనికి పోవు రంధ్రము మూతపడలేదు.

1825 ఆగస్టు 1వ తేదీన బోమాంట్ మాంసము, రొట్టె, కాబేజీ ముక్కలను పట్టుదారమునకు కట్టి ఆ రంధ్రము గుండ లోనికి దింపెను. గంట గంటకును పైకి లాగి చూచెను. తరువాత జఠరరసమును సీసాలోనికి తీసి, మాంసము వేసి, దేహమునకున్నంత వెచ్చదనమున ఉంచెను. మెల్లగానైనను మాంసము సీసాలోనే కరగెను! జీర్ణక్రియ రసాయనిక క్రియయని దీనితో స్పష్టమయ్యెను. 1833లో బోమాంట్ గ్రంథము వెలువడెను.

ఆ రసములోని శక్తి యేది? 1836లో జర్మను శాస్త్రజ్ఞుడు ష్వాన్ దానిని వేరుపరచి పెప్సిన్ అని పేరిడెను. 1930లో అమెరికాలో నార్త్రాప్ దానిని స్ఫటికములుగా తీసి, అదియు ఒక మాంసకృత్తేయని చూపెను. మాంసకృత్తులను విడగొట్టునదియు మాంసకృత్తే! నేడు మనకు ఇట్టి ఎంజైములు పెక్కు తెలియును. లాలాజలములోని అమైలేస్ పిండిపదార్థమును, క్లోమరసములోని లైపేస్ క్రొవ్వును విడగొట్టును.

మరి ఆ కూలివాని సంగతి? అతడు వైద్యుని యింట కట్టెలు కొట్టుచు, పరీక్షలకు దేహము నప్పగించెను. 1825లోనే అనుమతి లేక కెనడాకు వెడలిపోయి, 1829లో మరల వచ్చెను. 1832 నాటి ఒడంబడికలో అతని జీతము ఏడాదికి 150 డాలర్లు. 1834లో వెడలిపోయినవాడు బోమాంట్ ఎంత పిలిచినను తిరిగి రాలేదు. 1880లో అతడు మరణించినపుడు, వైద్యులు శవమును కోరుదురని యెరిగిన కుటుంబము, అది కుళ్లువరకు ఉంచి, లోతైన గోతిలో పూడ్చెను.

భోజనము ముగించి అగస్త్యుని తలచునపుడు, ఆ కట్టెలు కొట్టిన మనిషినిగూడ మనము తలచుట న్యాయము.