విశ్రాంతిదినం వెంట వచ్చే ఉపవాసం

యూదులకు ప్రతి శనివారం పండుగే. శుక్రవారం పొద్దుగుంకింది మొదలు శనివారం రాత్రి చుక్కలు పొడిచేదాకా సాగే ఈ విశ్రాంతిదినాన్ని వారు షబ్బత్ అంటారు. మూడు పూటలా మంచి భోజనం, ఉతికిన బట్టలు, పాటలు, ప్రార్థన ఉండాలి. ఆ రోజు ఏడవకూడదు, పస్తుండకూడదు. అయితే కొన్ని సంవత్సరాల్లో ఆ పండుగ ముగిసే క్షణానే వారి ఏడాదిలోకెల్లా పెద్ద శోకదినం మొదలవుతుంది. అప్పుడు శనివారం సాయంత్రాన్ని, ఆ రాత్రిని, మరునాటి ఆదివారాన్ని ఎలా గడపాలో యూదు ధర్మశాస్త్రం ఎంతో శ్రద్ధగా నిర్ణయించింది.

ఆ శోకదినం పేరు తిషా బె ఆవ్, అంటే ఆవ్ నెల తొమ్మిదో తేదీ. ఇది జూలైలో గాని ఆగస్టులో గాని వస్తుంది. క్రీ.పూ. 586లో బబులోను రాజు నెబుకద్నెజరు సైన్యం యెరూషలేములోని మొదటి దేవాలయాన్ని తగలబెట్టింది. క్రీ.శ. 70లో రోమన్లు రెండో దేవాలయాన్ని కూల్చారు. ఈ రెంటినీ యూదులు ఒకే రోజున తలచుకుని దుఃఖిస్తారు. 1492లో స్పెయిన్ నుంచి తమను వెళ్లగొట్టిన బాధతో సహా తర్వాతి కాలపు ఆపదలు కూడా ఈ రోజు శోకగీతాల్లోకి వచ్చి చేరాయి.

ఏ ఉపవాసం ఏ వారం

బైబిలులోని జెకర్యా గ్రంథం ఎనిమిదో అధ్యాయంలో నాలుగు ఉపవాసాల ప్రస్తావన ఉంది. నాలుగో నెలది తమ్మూజ్ 17, యెరూషలేము ప్రాకారానికి గండి పడిన రోజు. ఐదో నెలది ఆవ్ 9. ఏడో నెలది తిష్రీ 3, అధిపతి గెదల్యా హత్యకు గుర్తు. పదో నెలది తేబేతు 10, నగర ముట్టడి మొదలైన రోజు. వీటికి ఎస్తేరు ఉపవాసం (అదార్ 13) తోడవుతుంది. ఇవన్నీ ఒక ఎత్తయితే ధర్మశాస్త్రమే విధించిన ప్రాయశ్చిత్త దినం, యోమ్ కిప్పూర్ (తిష్రీ 10), ఒక్కటీ ఒక ఎత్తు. శనివారం నాడు పడినా తప్పక ఉండవలసిన ఉపవాసం అదే.

తెల్లవారుజామున మొదలై చీకటి పడగానే ముగిసే చిన్న ఉపవాసాలు ఆదివారం వచ్చినా పెద్ద చిక్కు లేదు. శనివారం రాత్రి విశ్రాంతిదినానికి యథావిధిగా వీడ్కోలు చెప్పి, భోంచేసి పడుకోవచ్చు. యోమ్ కిప్పూర్, తిషా బె ఆవ్ మాత్రం ముందురోజు సూర్యాస్తమయం నుంచే మొదలై సుమారు 25 గంటలు సాగుతాయి.

యోమ్ కిప్పూర్ ఆదివారం రాకుండా పంచాంగమే అడ్డుపడుతుంది. నాలుగో శతాబ్దపు రెండో హిల్లేలు స్థిరపరిచాడని చెప్పే గణిత పంచాంగం కొత్త సంవత్సరాన్ని ఆది, బుధ, శుక్రవారాల్లో మొదలు కానివ్వదు. అందువల్ల పదో రోజైన యోమ్ కిప్పూర్ శుక్రవారం గాని ఆదివారం గాని పడదు. వంట, ఖననం రెండూ నిషిద్ధమైన రోజులు వెంటవెంటనే వస్తే బతికున్నవారికీ చనిపోయినవారికీ కష్టమే. ఆ ఇబ్బంది తప్పించడానికే ఈ ఏర్పాటు. సాక్షులు నెలవంకను చూసి చెప్పాక నెల మొదలుపెట్టిన పాతకాలంలో షబ్బత్, యోమ్ కిప్పూర్ పక్కపక్కన వచ్చేవి. అప్పటి నియమాలు ప్రాచీన యూదు ధర్మసంహిత అయిన మిష్నాలో ఇప్పటికీ కనబడతాయి.

తిషా బె ఆవ్‌కు అలాంటి అడ్డు లేదు. పస్కా పండుగ మొదటి రోజు ఏ వారమో ఆ ఏడు తిషా బె ఆవ్ కూడా అదే వారం. కాబట్టి అది ఆది, మంగళ, గురు, శనివారాల్లోనే వస్తుంది. శనివారం పడితే ఉపవాసాన్ని ఆదివారానికి జరుపుతారు. ఇలా జరిపిన ఉపవాసాన్ని నిద్‌ఖే అంటారు. అంటే తొమ్మిదో తేదీ శనివారమైనా ఆదివారమైనా ఉపవాసం మొదలయ్యేది శనివారం రాత్రే. 2022లో ఆవ్ 9 ఆగస్టు 6, శనివారం. ఉపవాసం ఆగస్టు 7న జరిగింది. 2025లో ఆగస్టు 3, ఆదివారం నాడే తొమ్మిదో తేదీ వచ్చింది.

జరపవలసి వచ్చినప్పుడు వెనక్కే ఎందుకు, ముందుకు ఎందుకు జరపరు అన్న ప్రశ్నకు మిష్నాపై పండితుల చర్చల గ్రంథమైన తల్మూదు చెప్పే కారణం మనసుకు హత్తుకుంటుంది: ఆపదను ఎవరూ ముందుకు లాక్కోరు. ఎస్తేరు ఉపవాసానికి ఈ సూత్రం వర్తించదు. అదార్ 13 శనివారమైతే మరునాడు పూరిం ఉత్సవం కనుక వెనక్కి జరపడానికి చోటుండదు. విశ్రాంతిదినపు ఏర్పాట్లకు శుక్రవారాన్ని వదిలిపెట్టి గురువారం నాడే ఉపవాసం ఉంటారు. 2024లో పూరిం మార్చి 24, ఆదివారం వచ్చింది. ఉపవాసం మార్చి 21, గురువారం అయిపోయింది.

మిష్నాను కూర్చిన యెహూదా హనాసి ఒకసారి, వాయిదా పడిన తిషా బె ఆవ్‌ను ఆ ఏటికి పూర్తిగా వదిలేద్దామనుకున్నాడట. తోటి పండితులు ఒప్పుకోలేదు. ఎంతటి శోకమైనా విశ్రాంతిదినాన్ని తాకకూడదు, అలాగని ఆ శోకాన్ని ఎత్తివేయనూ కూడదు. కింద చెప్పే నియమాలన్నీ ఈ రెండు మాటలనూ నిలబెట్టడానికి పుట్టినవే. ఈ ధర్మశాస్త్రంలో నాకు ఎక్కువ గౌరవం కలిగించే భాగం కూడా ఇదే. సంతోషాన్ని, దుఃఖాన్ని కలగాపులగం చేయకుండా దేని హద్దు దానికి గీయడానికి తరతరాల పండితులు నిమిషాలు లెక్కగట్టారు.

శనివారం సాయంత్రం

మామూలు సంవత్సరాల్లో తిషా బె ఆవ్ ముందు చివరి భోజనం దుఃఖభోజనం. నేలమీద కూర్చుని, ఎవరికి వారుగా, ఉడికించిన గుడ్డును, బూడిదలో అద్దిన రొట్టెను తింటారు. శనివారమైతే ఇదేమీ పనికిరాదు. ఆ సాయంత్రం తన బల్లపై సొలొమోను వైభవకాలపు విందు వంటిది పెట్టుకున్నా తప్పులేదని తల్మూదు అంటుంది. 1565లో వెనిస్‌లో అచ్చయిన యోసేఫ్ కారో ధర్మసంహిత ‘షుల్హాన్ ఆరూఖ్’ కూడా మాంసం, ద్రాక్షారసం రెంటికీ అనుమతి ఇచ్చింది. ఇంటిల్లిపాదీ కలిసి కూర్చుని తింటారు. ఒక్కటే షరతు: సూర్యుడు అస్తమించేలోగా ముగించాలి. మిగతా శనివారాల్లో మూడో భోజనాన్ని చీకటి పడ్డాక కూడా సాగదీసే అలవాటుంది. ఈసారి అది కుదరదు.

సూర్యాస్తమయానికీ మూడు చుక్కలు కనబడే వేళకూ నడుమ ఉన్న సంధ్యాకాలమే అన్నిటికన్నా సున్నితం. అది పగలో రాత్రో తేలని వేళ కనుక రెండు రోజుల నియమాలూ ఒకేసారి పనిచేస్తాయి. తినడం, తాగడం, స్నానం, నూనె పూత అప్పటికే ఆగిపోవాలి. కానీ శోకచిహ్నం ఏదీ బయటికి కనబడకూడదు. అందుకని తోలు చెప్పులు కాళ్లకు అలాగే ఉంటాయి, పండుగ బట్టలు ఒంటిమీదే ఉంటాయి, మామూలు కుర్చీలోనే కూర్చుంటారు. చుక్కలు పొడిచాక, పవిత్రదినాన్ని మామూలు దినం నుంచి వేరు చేసిన దేవుణ్ని స్తుతిస్తూ ఒక చిన్న వాక్యం పలుకుతారు. అప్పుడే చెప్పులు విడిచి, బట్టలు మార్చుకుంటారు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. విశ్రాంతిదినంలో మరుసటి రోజు కోసం ఏ ఏర్పాటూ చేయకూడదు. గుడ్డ చెప్పులను, శోకగీతాల పుస్తకాన్ని శనివారం పగలు ప్రార్థనా మందిరానికి మోసుకుపోవడం కూడా అలాంటి ఏర్పాటే. తెలిసినవారు శుక్రవారమే అక్కడ పెట్టి వస్తారు. చాలా చోట్ల రాత్రి ప్రార్థనను కాస్త ఆలస్యంగా మొదలుపెట్టి, జనం ఇళ్లకు వెళ్లి మార్చుకుని రావడానికి వ్యవధి ఇస్తారు. విందు గిన్నెలు కడగడం ఆదివారం మధ్యాహ్నం దాకా ఆగుతుంది.

మూడు చోట్లకు విడిపోయిన వీడ్కోలు

ప్రతి శనివారం రాత్రి హవ్దాలా అనే చిన్న క్రతువుతో విశ్రాంతిదినాన్ని సాగనంపుతారు. ద్రాక్షారసం నిండిన గిన్నె, సుగంధ ద్రవ్యాలు, పలు ఒత్తులు పెనవేసిన మైనపు దీపం ఎదుట పెట్టుకుని ఆశీర్వచనాలు చెప్పి, చివర పవిత్రానికీ సామాన్యానికీ నడుమ భేదాన్ని ప్రకటిస్తారు. ఉపవాసం మొదలైపోయిన రాత్రి ద్రాక్షారసం తాగడానికి లేదు. కనుక ఈ క్రతువు విడిపోతుంది.

భేదాన్ని చెప్పే మాటలు రాత్రి ప్రార్థనలోనే వచ్చేస్తాయి. దీపాన్ని వెలిగించి దాని ఆశీర్వచనాన్ని ఆ రాత్రే, బైబిలులోని విలాపవాక్యములు చదవబోయే ముందు చెబుతారు. సృష్టి మొదటి విశ్రాంతిదినం ముగిసిన రాత్రి ఆదాము రాళ్లు రాపాడించి నిప్పు పుట్టించాడని తల్మూదు కథ. నిప్పుకు కృతజ్ఞత చెప్పవలసింది శనివారం రాత్రే కాబట్టి అది వాయిదా పడదు. సుగంధం ఆ ఏటికి పూర్తిగా రద్దు. పరిమళం ప్రాణానికి హాయినిస్తుంది, శోకరాత్రికి అది తగదు. ఆదివారం రాత్రికి దాని సమయం దాటిపోతుంది. ద్రాక్షారసపు గిన్నె ఒక్కటే ఆదివారం రాత్రి దాకా ఆగి, ఉపవాసం ముగిశాక దీపమూ సుగంధమూ లేకుండా వస్తుంది. హవ్దాలా చెప్పకుండా ఏమీ తినకూడదన్నది నియమం. అందుచేత అనారోగ్యం వల్ల ఆదివారం పగలే తినవలసి వచ్చినవారు ముందు ఏదైనా తగిన పానీయంపై హవ్దాలా చెప్పుకుని తింటారు.

ఆ రాత్రి మందిరంలో దీపాలు తగ్గిస్తారు. ధర్మశాస్త్రపు చుట్టలుండే మందసం తెర తీసేస్తారు. జనం నేలమీదో పొట్టి పీటలమీదో కూర్చుంటారు. విలాపవాక్యములు ఐదే అధ్యాయాల గ్రంథం. మొదటి నాలుగు అధ్యాయాలూ హీబ్రూ అక్షరమాల వరసలో నడుస్తాయి. ఒకటి, రెండు, నాలుగింటిలో 22 అక్షరాలకు 22 వచనాలు. మూడోదానిలో అక్షరానికి మూడేసి చొప్పున 66. ఐదో అధ్యాయంలో 22 వచనాలే ఉన్నా అక్షర క్రమం చెదిరిపోతుంది. విన్నవారికి ఆ చెదరడమే ఏడుపులా వినబడుతుంది.

ఆదివారం, ఆ తర్వాత

పగలంతా ఐదు నిషేధాలు: తిండీ నీరూ, స్నానం, నూనె పూత, తోలు చెప్పులు, దాంపత్యం. ధర్మగ్రంథ పఠనం ఆనందాన్నిస్తుంది కనుక దుఃఖభాగాలు తప్ప మరేదీ చదవరు. ఇవి ఏ వారమైనా ఒకటే. తేడా వచ్చేది ఆ ఆదివారం నిజంగా తొమ్మిదో తేదీయా, వాయిదా పడిన పదో తేదీయా అన్నదాన్ని బట్టి.

దేవాలయం పదో తేదీ దాకా కాలుతూనే ఉంది. కాబట్టి ఉపవాసం ముగిసినా మర్నాడు మధ్యాహ్నం వరకు మాంసం, ద్రాక్షారసం, బట్టలుతకడం, జుట్టు కత్తిరించుకోవడం మానేయడం ఐరోపా మూలాలున్న అష్కెనాజీ యూదుల ఆచారం. ఆదివారమే పదో తేదీ అయితే స్నానం, ఉతుకుడు రాత్రే మొదలుపెట్టవచ్చు. మాంసం, ద్రాక్షారసం మాత్రం ఆ రాత్రికి మానేస్తారు. హవ్దాలా గిన్నెలోని ద్రాక్షారసానికి మినహాయింపు ఉంది. వాయిదా పడిన ఉపవాసం విషయంలో గర్భిణులకు, నలతగా ఉన్నవారికి పలువురు న్యాయవేత్తలు ఎక్కువ వెసులుబాటు ఇచ్చారు. ఆ రోజు కొడుక్కి సున్నతి జరిపే తల్లిదండ్రులు మధ్యాహ్న ప్రార్థన అయ్యాక తినవచ్చు. దీనికి ఆధారం తల్మూదులో సాదోకు కొడుకు ఎలియెజెరు చెప్పిన ఇంటి ముచ్చట. ఆవ్ పదో తేదీ తమ వంశానికి పండుగ గనుక, వాయిదా పడిన ఏడు ఉపవాసం మొదలుపెట్టి పూర్తిచేయకుండా ముగించామన్నాడు.

తెలుగు నేలమీద

తెలుగు మాట్లాడే యూదు సమాజం గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో ఉంది. వీరు తమను బెనె ఎఫ్రాయిమ్, అంటే ఎఫ్రాయిము సంతతి అని చెప్పుకుంటారు. మాదిగ కులానికి చెందిన ఈ కుటుంబాలు అంతకు ముందు క్రైస్తవంలో ఉండేవి. ష్ముయెల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే సోదరుల నాయకత్వంలో యూదు ఆచారాలకు మళ్లి, 1991లో ప్రార్థనా మందిరం ఏర్పరచుకున్నాయి. మృతులను పూడ్చిపెట్టడం, గొడ్డుమాంసం తినడం వంటి తమ పాత అలవాట్లను వారు ప్రాచీన ఇశ్రాయేలు జాడలుగా వివరిస్తారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పెర్వెజ్ వీరిపై చేసిన అధ్యయనాన్ని ఆక్స్‌ఫర్డ్ 2013లో ప్రచురించింది. దళితుల ఆత్మగౌరవ పోరాటంతో ముడిపెట్టి చూడకుండా ఈ సమాజాన్ని అర్థం చేసుకోలేమని ఆ పుస్తకం చదివితే తెలుస్తుంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారికి ఈ క్రతువు కొత్త కావచ్చు గాని ఇందులోని గ్రంథాలు కొత్తవి కావు. 19వ శతాబ్దం చివర కెనడియన్ బాప్టిస్టు మిషన్ శ్రీకాకుళం, బొబ్బిలి వంటి చోట్ల నాటిన సంఘాల్లో జెకర్యా, విలాపవాక్యములు తెలుగులోనే చదువుతున్నారు. తిథికీ వారానికీ పడే పేచీ కూడా ఇక్కడివారికి తెలిసిందే. విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవం విజయదశమి తర్వాతి మంగళవారమే జరుగుతుంది. దశమి ఏ వారం వచ్చినా సంబరం మంగళవారం దాకా ఆగుతుంది. అరుణోదయ వేళకు దశమి మిగిలి ఉంటే వైష్ణవులు ఏకాదశి ఉపవాసాన్ని మరునాటికి మారుస్తారు. అయితే అక్కడ తిథి శుద్ధి కోసం మారుస్తారు. యూదుల ఉపవాసం మరో రోజు సంతోషానికి చోటిచ్చి తప్పుకుంటుంది. ఇక కార్తీక సోమవారాల్లో పగలంతా ఉండి, చుక్కను చూశాకే విస్తరి ముందు కూర్చునే ఇళ్లకు, మూడు చుక్కల కోసం ఆకాశం చూడడమంటే ఏమిటో చెప్పనక్కర్లేదు.

ఉష్ణమండలంలో సంధ్య పొట్టిది. ఆగస్టు మొదటి వారంలో శ్రీకాకుళంలో సుమారు 6 గంటల 28 నిమిషాలకు, కొత్తరెడ్డిపాలెంలో 6 గంటల 40 నిమిషాలకు పొద్దుగుంకుతుంది. అరగంట దాటిన కొద్దిసేపటికే చుక్కలు స్పష్టమవుతాయి. అదే వారంలో లండన్‌లో సూర్యాస్తమయం రాత్రి సుమారు 8 గంటల 45 నిమిషాలకు. అక్కడివారు పండుగ బట్టల్లో, నీళ్లయినా ముట్టకుండా గడిపే సంధ్య ఇక్కడికన్నా చాలా ఎక్కువసేపు ఉంటుంది.

2026, 2027 సంవత్సరాల్లో తిషా బె ఆవ్ గురువారం, 2028లో మంగళవారం వస్తుంది. 2029లో ఆవ్ 9 జూలై 21, శనివారం. ఉపవాసం ఆ సాయంత్రం మొదలై జూలై 22, ఆదివారం రాత్రి ముగుస్తుంది.