కౌలుదారు పేరు ఏ గడిలో రాస్తారు?

ఇంగ్లండ్‌లో ఓ మామూలు కౌలురైతు కుటుంబ చరిత్ర తవ్వడానికి పెద్ద పరిశోధకుడు కానక్కర్లేదు. పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, ఖననాలు ప్రతి చర్చిలోనూ పుస్తకానికెక్కాలని 1538లోనే ఆజ్ఞ వచ్చింది. 1836 చట్టం తర్వాత, చర్చికి చెల్లించే దశమభాగం లెక్క తేల్చడానికి ఊరూరా పటాలు గీశారు. ఆ పటాల వెంట ఉన్న జాబితాలో ప్రతి పొలానికీ రెండు పేర్లుంటాయి: భూమి ఎవరిది, సాగు ఎవరిది. అంతకన్నా పాతది 'కాపీహోల్డ్' పద్ధతి. దొరగారి కోర్టు పుస్తకంలో రాసినదానికి నకలు రైతు చేతికిచ్చేవాళ్లు. ఆ నకలే అతని హక్కు, పేరు కూడా దాన్నుంచే వచ్చింది. మాతో పనిచేసే ఓ ఇంగ్లిషాయన వాళ్ల తాతముత్తాతలు ఏ పొలం చేశారో నాలుగైదు వారాంతాల్లో పట్టేశాడు, అదీ ల్యాప్‌టాప్ ముందు కూర్చునే.

అదే పని మంత్రాలయంలో చేద్దాం అనుకోండి. ముందు ఊరి పేరే మారిపోయింది. పాత కాగితాల్లో అది మంచాల. తర్వాత జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. కాబట్టి కర్నూలు రికార్డుల్లో వెతికితే సగం కథే దొరుకుతుంది.

ఈ ఊరి గురించి అందరికీ తెలిసిన భూమి కథ ఒకటుంది. నిజాం 1800లో ఈ ప్రాంతాన్ని కంపెనీకి వదిలేశాక థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చాడు. మఠం ఇనాం భూమిని ప్రభుత్వం వెనక్కి తీసుకోవాలన్న మాట వచ్చినప్పుడు విచారణకి మంచాల వెళ్లాడనీ, బూట్లు విప్పి బృందావనం దగ్గరికి పోతే రాఘవేంద్రస్వామి కనిపించి మాట్లాడారనీ, పక్కనున్నవాళ్లకి ఏమీ కనపడలేదు, వినపడలేదనీ చెప్తారు. బళ్లారి జిల్లా గెజిటియరు కూడా దీన్ని ఎక్కించుకుంది. ఇనాం నిలబడింది. సీమలో మన్రోని మాండవ ఋషి అన్నారు, పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. ఒక కలెక్టరుకి ఇంత ప్రేమ దక్కడం మామూలు విషయం కాదు.

నమ్మకం సంగతి పక్కన పెట్టండి. నన్ను ఆపేది ఇంకోటి. ఈ కథలో ఇచ్చిన నవాబున్నాడు, పుచ్చుకున్న మఠం ఉంది, విచారించిన దొర ఉన్నాడు. దున్నినవాడు లేడు. కథ తప్పు కాదిది, ఇనాం అనే ఏర్పాటే అలాంటిది. ఎక్కువగా దానంగా ఇచ్చేది ప్రభుత్వానికి రావాల్సిన శిస్తుని, అంటే మేల్వారాన్ని. కుడివారం, అంటే సాగుచేసేవాడి వాటా, కింద ఎవడో ఒకడిది. 1860ల్లో ఇనాం కమిషన్ రిజిస్టర్లు రాసినప్పుడు కూడా ఎవరిచ్చారు, ఎవరనుభవిస్తున్నారు, వారసులెవరు అని అడిగారు. అనుభవించడం అంటే ఇక్కడ నాగలి పట్టడం కాదు.

మన్రోకి రైతంటే పట్టింపు లేదని కాదు. జమీందారు లేకుండా రైతుతోనే నేరుగా లెక్క చూసుకోవాలన్నది అతని వాదం. దత్తమండలాల్లో పొలం పొలం కొలిపించాడు. 1807లో వెళ్లిపోతూ శిస్తు పావు వంతు తగ్గించమని రాశాడు, పైవాళ్లు వినలేదు. కానీ రైత్వారీ రైతు అంటే పట్టా ఉన్నవాడు. పట్టాదారు తన పొలాన్ని ఇంకొకరికి గుత్తకిచ్చినా కోరుకిచ్చినా, ఆ ఇంకొకరు సర్కారు పుస్తకంలోకి రాడు. మధ్యవర్తిని తీసేసిన పద్ధతి కింద ఇంకో మెట్టు పుట్టింది, దానికి గడి లేదు. (డేటాబేస్ పని చేసేవాళ్లకి ఇది కొత్త కాదు: టేబుల్‌లో కాలమ్ లేకపోతే ఆ మనిషి లేనట్టే.)

తమాషా ఏంటంటే 'కౌలు' అరబ్బీ 'ఖౌల్' నుంచి వచ్చింది. అంటే మాట. కంపెనీ కాలంలో కౌలు అంటే చేతికిచ్చే రాతపూర్వక హామీ. ఇప్పుడు కౌలు అంటే రచ్చబండ దగ్గర నోటిమాట. పదం మళ్లీ అరబ్బీ అర్థానికే చేరుకుంది, కాగితం మాత్రం మధ్యలో జారిపోయింది.

1876–78 ధాత కరువు ఉన్న కొద్ది జాడల్నీ చెరిపేసింది. 1871, 1881 లెక్కల మధ్య కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గింది. ఎంతమంది తగ్గారో తెలుస్తుంది గానీ ఎవరో తెలీదు. ఇంగ్లండ్‌లో 1841 నుంచీ ఇంటింటి పేర్లున్న జనాభా కాగితాలు దాచారు, ఇక్కడ మొత్తాలు మాత్రమే మిగిలాయి.

స్వాతంత్ర్యం తర్వాత చట్టాలు వచ్చాయి. 1956 కౌలుదారీ చట్టం కాలపరిమితి, రక్షణ ఇచ్చింది. 1974 సవరణ ఇంకా గట్టిచేసింది. ఫలితం ఊళ్లో అందరికీ తెలిసిందే: కౌలుదారు పేరు అడంగల్‌లో పడితే భూమి పోతుందని యజమానులు భయపడి, రాయనివ్వడమే మానేశారు. 2011లో రుణ అర్హత కార్డులు తెచ్చారు. 2019 సాగుదారు హక్కుల చట్టం భయం పోగొట్టడానికి పదకొండు నెలల పత్రం పెట్టింది, దానికి యజమాని సంతకం కావాలి. సంతకం పెట్టకపోతే పంట నష్టం, బీమా, చివరికి రైతు ఉరేసుకుంటే ఇంటికి రావాల్సిన పరిహారం, అన్నీ పట్టాదారు పేరు చుట్టూనే తిరుగుతాయి.

మంత్రాలయం, కోసిగి వైపు పత్తి పోయిన ఏడాది కుటుంబాలు సుగ్గికి బయల్దేరతాయి, గుంటూరు మిరప తోటలకో బెంగళూరు కట్టడాలకో. పిల్లలు కూడా వెళ్తారు, బడి హాజరు పట్టీలో ఆ నెలలన్నీ ఖాళీలు. ఈ ఊళ్ల కౌలు కుటుంబాల చరిత్ర ఎవరైనా రాయాలనుకుంటే, నాకు తోచినంతలో, అడంగల్ కన్నా ముందు చూడాల్సింది ఆ పట్టీలనే.