కొత్త మొక్కకు శాస్త్రనామం: తెలుగు నేలలో వృక్షజాతుల ఆవిష్కరణ, వర్ణన చరిత్ర

కొత్త వృక్షజాతి ఆవిష్కరణలో రెండు వేర్వేరు పనులున్నాయి. శాస్త్రగ్రంథాల్లోకి ఇంతవరకు ఎక్కని పూలమొక్కను గుర్తుపట్టడం మొదటిది. ఆకు, పువ్వు, కాయ, గింజల లక్షణాలు రాసి, పేరు పెట్టి, ఎండబెట్టిన నమూనాను భద్రపరచి అచ్చువేయించడం రెండోది. వృక్షశాస్త్రం లెక్కలోకి తీసుకునేది రెండోదాన్నే. అడవిలో ఎవరు ముందు చూసినా, నియమాల ప్రకారం ఎవరు ముందు ప్రచురిస్తే వారు పెట్టిన పేరే నిలుస్తుంది. ఎర్రచందనం, తునికి, సోమిద, కొండగుగ్గిలం వంటి చెట్లను ఇక్కడి జనం తరతరాలుగా వాడుకుంటూ వచ్చినా, శాస్త్రం దృష్టిలో అవన్నీ ఏదో ఒక సంవత్సరంలో ‘కొత్తగా’ పుట్టినవే. ఆ సంవత్సరాలకు ముందు జరిగిన పనిలో పల్లెవాసులు, అడవిజనం, చిత్రకారులు ఎందరో పాలుపంచుకున్నారు. వారిలో చాలామంది పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

లిన్నేయస్ శిష్యుడు కోనిగ్

స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ 1753లో ప్రచురించిన ‘స్పీషీస్ ప్లాంటారం’తో మొక్కల శాస్త్రనామాల లెక్క మొదలవుతుంది. అంతకు ముందు పెట్టిన పేర్లకు చెల్లుబాటు లేదు. ప్రతి జాతికీ రెండు మాటల పేరు, మొదటి మాట ప్రజాతిది, రెండో మాట ఆ జాతిది అన్న పద్ధతి అప్పటి నుంచే స్థిరపడింది. భారతదేశపు మొక్కల గురించి ఐరోపాకు అప్పటికే కొంత తెలుసు. మలబారు తీరపు మొక్కల మీద డచ్చివారు 1678–1693 మధ్య అచ్చువేసిన ‘హోర్టస్ మలబారికస్’ పన్నెండు సంపుటాలు లిన్నేయస్‌కు అందుబాటులో ఉన్నాయి. తూర్పు తీరం మొక్కల వివరాలు మాత్రం ఆయనకు అంత వివరంగా చేరలేదు.

ఆ లోటు తీర్చడం మొదలుపెట్టినవాడు ఆయన శిష్యుడే అయిన యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. డేనిష్ స్థావరమైన తరంగంబాడికి 1768లో వైద్యుడిగా వచ్చాడు. తర్వాత ఆర్కాటు నవాబు దగ్గర, 1778 నుంచి ఈస్టిండియా కంపెనీలో ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పనిచేశాడు. ఎండబెట్టిన కొమ్మలను, రాతప్రతులను ఐరోపాలోని పండితులకు పంపుతూ ఉండేవాడు. ఎర్రచందనానికి టెరోకార్పస్ శాంటలైనస్ అన్న పేరు అలా వచ్చినదే. లిన్నేయస్ కొడుకు 1782లో వెలువడిన అనుబంధ గ్రంథంలో దాన్ని వర్ణించాడు. ఆ ఎర్రటి చేవ అంతకు చాలాముందే ఓడల్లో ఐరోపాకు వెళ్లేది. అద్దకం పనివారికి తెలిసిన కలప, శాస్త్రవేత్తలకు చెట్టుగా తెలియడానికి అంత కాలం పట్టింది. కోనిగ్ 1785లో కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో చనిపోయాడు. తన కాగితాలను లండన్‌లోని వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్‌కు అప్పగించి వెళ్లాడు. ఆయన సేకరించిన మొక్కల్లో ఎన్నో ఇతరులు వర్ణించగా వెలుగు చూశాయి.

సామర్లకోట తోట

కోనిగ్ పనిని అందుకున్న విలియం రాక్స్‌బర్గ్ (1751–1815) స్కాట్లండ్‌వాడు, వృత్తిరీత్యా వైద్యుడు. 1776లో మద్రాసు చేరాడు. 1781 నుంచి సామర్లకోటలో ఉన్నాడు. తెలుగు నేల మీద వృక్షశాస్త్రం నిజంగా వేళ్లూనినది ఈ చోటే. మిరియాలు, నీలిమందు, చెరకు పండించే ప్రయోగాలకు ఆయన అక్కడ తోట వేశాడు. చుట్టుపక్కల సర్కారు కొండల నుంచి మొక్కలు తెప్పించాడు. రోజువారీ వాతావరణాన్ని కూడా రాసిపెట్టేవాడు. కంపెనీకి కావలసింది లాభసాటి మొక్కలు. రంగులిచ్చేవి, మందులిచ్చేవి, ఓడలకు కలపనిచ్చేవి ఏవో తేల్చి చెప్పమంది. రాక్స్‌బర్గ్ ఆ పని చేస్తూనే, పైసా లాభం రాని గడ్డిపరకలనూ తీగలనూ కూడా అంతే శ్రద్ధగా వర్ణించాడు. ఆయన్ని ఈనాటికీ తలుచుకోవడానికి ఆ శ్రద్ధే కారణమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఆయన పద్ధతి గమనించదగ్గది. స్థానిక చిత్రకారులను జీతానికి పెట్టుకుని ప్రతి మొక్కనూ పచ్చిగా ఉన్నప్పుడే బొమ్మ గీయించేవాడు. పువ్వును విప్పి, కేసరాలను, అండాశయాన్ని, గింజను విడివిడిగా చూపించేవాడు. పక్కనే వర్ణన, పూతకాలం, జనం వాడుక, తెలుగు పేరు రాసేవాడు. ఎండిన కొమ్మలో రంగు పోతుంది, పూరేకుల అమరిక చెదిరిపోతుంది. బొమ్మలో అవి నిలుస్తాయి. తీరం మీద వాన, చెమ్మ, పురుగు నమూనాలను బతకనిచ్చేవి కావు. 1787లో సముద్రం పొంగి తీరాన్ని ముంచెత్తినప్పుడు అప్పటిదాకా పోగుచేసిన సేకరణ ఆయనకు దక్కలేదు. ఆయన మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

విశాఖపట్నంలో ఉన్న పాట్రిక్ రస్సెల్, కోనిగ్ తర్వాత కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడయ్యాడు. పాముల మీద చేసిన పరిశోధనతో ఆయన పేరు ఎక్కువగా వినిపిస్తుంది గాని, కోరమండల్ మొక్కలను పుస్తకంగా తేవాలన్న ఆలోచన వెనుక ఉన్నది ఆయనే. ఆ పుస్తకానికి ముందుమాట కూడా ఆయనదే. రాక్స్‌బర్గ్ పంపిన సుమారు 500 బొమ్మల్లో నుంచి జోసెఫ్ బ్యాంక్స్ 300 ఎంపిక చేశాడు. ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమండల్’ అన్న పేరుతో చేతితో రంగులద్దిన పటాలుగా 1795 నుంచి 1820 వరకు మూడు పెద్ద సంపుటాల్లో అవి లండన్‌లో వెలువడ్డాయి. బీడీ ఆకునిచ్చే తునికి చెట్టుకు డయోస్పైరోస్ మెలనోజైలాన్ అన్న పేరు 1795లో ఈ గ్రంథంలోనే పడింది.

తెలుగు పేర్లు కొన్ని లాటిన్ వేషంలో ఇక్కడి నుంచే ప్రపంచానికి చేరాయి. సోమిద బెరడు జ్వరాలకు మందుగా పనిచేస్తుందని విన్న రాక్స్‌బర్గ్, దక్షిణ అమెరికా నుంచి వచ్చే సింకోనా బెరడుకు బదులుగా దాన్ని వాడవచ్చని ఆశపడ్డాడు. జ్వరాన్ని తరిమేదన్న అర్థంలో స్వీటేనియా ఫెబ్రిఫ్యూగా అని పేరు పెట్టాడు. 1830లో ఫ్రెంచి శాస్త్రవేత్త అడ్రియన్ ద జుస్యూ దీన్ని వేరే ప్రజాతిగా విడదీసినప్పుడు, ఆ ప్రజాతికి తెలుగు పేరునే తీసుకుని సోయ్‌మిడా అన్నాడు. ఇప్పుడు దాన్ని సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా (రాక్స్‌బ.) ఎ.జుస్. అని రాస్తారు. బ్రాకెట్లో ఉన్నది మొదట వర్ణించినవారి పేరు, బయట ఉన్నది ఇప్పటి స్థానంలో చేర్చినవారి పేరు. ఆ చిన్న బ్రాకెట్టు చదవడం తెలిస్తే మొక్క చరిత్ర సగం తెలిసినట్టే. అలాగే రాళ్లనేలల్లో పెరిగే కుందేటికొమ్ములను రాక్స్‌బర్గ్ స్టపేలియాలో చేర్చి, దాని తెలుగు పేరు కారల్లం అని రాసుకున్నాడు. 1810లో రాబర్ట్ బ్రౌన్ ఆ మాటతోనే కారల్లుమా అన్న ప్రజాతిని స్థాపించాడు.

ఆలస్యం వల్ల పోయిన పేర్లు

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా సమీపంలోని శిబ్‌పూర్ తోటకు అధికారిగా వెళ్లాడు. 1813లో ఇండియా వదిలే నాటికి ఆయన దగ్గర రెండున్నర వేలకు పైగా బొమ్మలు, ‘ఫ్లోరా ఇండికా’ రాతప్రతి ఉన్నాయి. శ్రీరాంపూర్ మిషనరీ విలియం కేరీ 1814లో ‘హోర్టస్ బెంగాలెన్సిస్’ అన్న జాబితా అచ్చువేశాడు గాని, అందులో చాలా పేర్లకు వర్ణన లేదు. వర్ణన లేని పేరు చెల్లదు. ‘ఫ్లోరా ఇండికా’ కొంతభాగం 1820, 1824లలో, పూర్తిగా 1832లో వచ్చింది. అప్పటికి రచయిత చనిపోయి పదిహేడేళ్లు.

జాలారి చెట్టు సంగతి చూస్తే ఈ ఆలస్యం విలువ తెలుస్తుంది. రాక్స్‌బర్గ్ దానికి షోరియా టాలూరా అని పేరు పెట్టుకున్నాడు. ఆ వర్ణన 1832లో వెలుగు చూసేలోపు, 1831లో జార్జ్ డాన్ షోరియా రాక్స్‌బర్ఘై అన్న పేరు ప్రచురించాడు. ముందు వచ్చిన పేరుదే హక్కు. చెట్టును నిజంగా ఎరిగిన మనిషి పెట్టిన పేరు పోయి, ఆయన్ని గౌరవిస్తూ మరొకరు పెట్టిన పేరు నిలిచింది. తంబజాలారి విషయంలో అలా జరగలేదు. జనం నోటి పేరును తీసుకుని ఆయన పెట్టిన షోరియా టంబుగ్గాయా ఇప్పటికీ చెల్లుతోంది.

రంగయ్య, గోవిందు

రాక్స్‌బర్గ్ చిత్రకారుల పేర్లు మనకు దక్కలేదు. తర్వాతి తరంలో వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ వైట్ (1796–1872) దగ్గర పనిచేసిన ఇద్దరి పేర్లు దక్కాయి: రంగయ్య, ఆయన తర్వాత గోవిందు. వైట్ 1838 నుంచి 1853 దాకా వెలువరించిన ‘ఐకోన్స్’ ఆరు సంపుటాల్లో రెండు వేలకు మించిన రాతి అచ్చు బొమ్మలున్నాయి. దక్షిణ భారతదేశపు ఎన్నో జాతులకు మొదటి ప్రామాణిక చిత్రాలు వీరి చేతి నుంచి వచ్చినవే. వైట్ ఒక ఆర్కిడ్‌కు గోవిందూయియా నెర్వోసా అని పేరు పెట్టాడు. ఆ ప్రజాతిని తర్వాత ట్రోపిడియాలో కలిపేయడంతో ఆ పేరు పర్యాయంగా మిగిలింది. చిత్రకారుడికి ఒక ప్రజాతినే అంకితమిచ్చిన సందర్భాలు ఆ కాలంలో బహు అరుదు.

వాల్టర్ ఇలియట్ 1859లో తెచ్చిన ‘ఫ్లోరా ఆంధ్రికా’ మరో తరహా పుస్తకం. కొత్త జాతుల వర్ణన కోసం రాసింది కాదు. ఉత్తర సర్కారుల్లో జనం మొక్కలను పిలిచే తెలుగు పేర్లను శాస్త్రనామాలతో జతచేసిన నిఘంటువు అది. మొక్కలు వెతికేవారికి ఈనాటికీ అక్కరకొస్తుంది.

నియమాలు ఎలా బిగిశాయి

పంతొమ్మిదో శతాబ్దంలో ఒకే మొక్కకు నాలుగైదు పేర్లు, ఒకే పేరు కింద నాలుగైదు మొక్కలు పోగుపడి పెద్ద గందరగోళం అయ్యింది. దాన్ని సరిదిద్దడానికి 1930 కేంబ్రిడ్జి సమావేశంలో ‘టైపు’ పద్ధతిని ఒప్పుకున్నారు. ప్రతి పేరుకూ ఒక ఎండిన నమూనాను కట్టివేస్తారు. దాన్నే టైపు అంటారు. ఆ పేరు అర్థం గురించి ఎప్పుడు వివాదం వచ్చినా ఆ కాగితం మీదున్న కొమ్మే సాక్ష్యం. 1958 నుంచి కొత్త పేరు చెల్లాలంటే టైపును చూపించడం తప్పనిసరి. వర్ణనగానీ, దగ్గరి జాతులకూ దీనికీ ఉన్న తేడా చెప్పే సంక్షిప్త వివరణగానీ లాటిన్‌లో ఉండాలన్న నిబంధన 1935 నుంచి 2011 చివరి దాకా సాగింది. 2012 నుంచి ఇంగ్లీషు కూడా చెల్లుతోంది, ఆన్‌లైన్ పత్రికలో ప్రచురణనూ ఒప్పుకుంటున్నారు.

ఆచరణలో పని ఇలా నడుస్తుంది. పూత, వీలైతే కాయ ఉన్న కొమ్మను కోసి, కాగితాల మధ్య పెట్టి, బరువుతో వత్తి ఆరబెడతారు. చోటు, ఎత్తు, తేదీ, సేకర్త సంఖ్య, ఎండితే పోయే రంగూ వాసనా అక్కడికక్కడే రాసుకుంటారు. ఎండిన నమూనాలను భద్రపరిచే హెర్బేరియంకు తెచ్చి ఆ ప్రజాతిలోని జాతుల టైపులన్నిటితో పోల్చి చూస్తారు. కొన్ని నెలలు పట్టవచ్చు, కొన్నేళ్లూ పట్టవచ్చు. ఒక్క మొక్కలో కనిపించిన తేడా నేల వల్లనో నీడ వల్లనో వచ్చి ఉండవచ్చు కాబట్టి, మళ్లీ కొండెక్కి ఇంకొన్ని మొక్కలు చూడాల్సి వస్తుంది. ఇప్పుడు డీఎన్ఏ వరుసలను కూడా పోలుస్తున్నారు. అయినా పువ్వును విప్పి సూక్ష్మదర్శిని కింద చూడక తప్పదు.

శేషాచలం గుగ్గిలం

తిరుమల కొండల్లో గుగ్గిలమిచ్చే చెట్టు కథ ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది. బాస్వెల్లియా ప్రజాతిలో అందుగు చెట్టును 1807లోనే వర్ణించారు. దాని చిరుపత్రాల అంచు రంపపు పళ్లలా ఉంటుంది కాబట్టి బాస్వెల్లియా సెర్రేటా అన్నారు. శేషాచలం, వెలికొండల చెట్టు చిరుపత్రాలు కోడిగుడ్డు ఆకారంలో, అంచుకు పళ్లు లేకుండా ఉంటాయి. కొండజనం ఆ రెంటినీ ఎప్పుడూ ఒకటిగా అనుకోలేదు. కొండగుగ్గిలం బంక తీసి అమ్ముకుంటూనే ఉన్నారు. ఎన్.పి. బాలకృష్ణన్, ఎ.ఎన్. హెన్రీ 1961లో బాస్వెల్లియా ఓవాలిఫోలియోలాటాగా దానికి పేరు పెట్టారు. ఏటా లక్షలమంది యాత్రికులు నడిచే దారి పక్కనున్న పెద్ద చెట్టు, లిన్నేయస్ తర్వాత రెండు వందల ఏళ్లకు గాని శాస్త్రంలోకి రాలేదు. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప అది సహజంగా ఇంకెక్కడా పెరగదు.

అంతకుముందు జె.ఎస్. గ్యాంబుల్ మొదలుపెట్టగా సి.ఇ.సి. ఫిషర్ ముగించిన ‘ఫ్లోరా ఆఫ్ ది ప్రెసిడెన్సీ ఆఫ్ మద్రాస్’ (1915–1936) ఇక్కడి మొక్కలకు మొదటి పూర్తి లెక్క. 1890లో స్థాపించిన బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియాను స్వాతంత్ర్యం తర్వాత పునర్వ్యవస్థీకరించాక, జె.ఎల్. ఎలిస్ నల్లమలల్లో తిరిగి ఆండ్రోగ్రాఫిస్ నల్లమలయానా వంటి జాతులను వెలికితీశాడు. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఆచార్యులు, పరిశోధకులు ఆ పని కొనసాగించారు. బ్రాకిస్టెల్మా ప్రజాతిలో ఈ శతాబ్దంలో వర్ణించిన కొత్త జాతుల్లో బ్రాకిస్టెల్మా నల్లమలయానం ఒకటి. ఈ ప్రజాతి మొక్కలు వానలు పడ్డాక దుంప నుంచి లేచి కొద్దిరోజులు పూసి మాయమవుతాయి. మిగతా ఏడాదంతా నేల మీద వాటి జాడ ఉండదు. గడ్డిలో కలిసిపోయే ఆ సన్నటి కాడను కనిపెట్టాలంటే సరైన వారంలో సరైన చోట ఉండాలి.

ప్రపంచవ్యాప్తంగా ఏటా దాదాపు రెండు వేల కొత్త వృక్షజాతులను వర్ణిస్తున్నారు. వాటిలో చాలావాటి నమూనాలు అప్పటికే బీరువాల్లో ఉన్నవే. 2010లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, సేకరించిన అయిదేళ్లలోపు వర్ణనకు నోచుకున్న జాతులు 16 శాతమే. దాదాపు పావువంతు కొత్త జాతుల వర్ణనలో 50 ఏళ్లు దాటిన నమూనాలున్నాయి. వర్ణించాల్సినవి ఇంకా 70 వేలు ఉంటాయని, వాటిలో సగానికి పైగా హెర్బేరియంలలోనే ఉన్నాయని అంచనా వేశారు. బొలీవియా నీటి కలువ విక్టోరియా బొలీవియానా నమూనా లండన్ సమీపంలోని క్యూ హెర్బేరియంలో 177 ఏళ్లు వేరే పేరుతో ఉండిపోయింది. 2022లో దాన్ని కొత్త జాతిగా ప్రకటించారు.

పేరు లేని మొక్కకు చట్టంలో చోటుండదు. అంతరించే జాతుల జాబితాలో చేర్చాలన్నా, కలప రవాణాను ఆపాలన్నా, గనికి అనుమతి ఇవ్వకూడదని వాదించాలన్నా ముందు శాస్త్రనామం కావాలి. ఎర్రచందనం అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలోకి ఎక్కింది టెరోకార్పస్ శాంటలైనస్‌గానే. కోనిగ్, రాక్స్‌బర్గ్ నాటి పేర్లకు టైపులను తేల్చే పని ఇంకా నడుస్తోంది. నమూనా దొరకని చోట, పేరు తెలియని తెలుగు నేల చిత్రకారుడు సామర్లకోటలో గీసిన బొమ్మనే టైపుగా ఎంచుకోవలసి వస్తోంది.